గడప లేని మూడు దారులు

గోడ కట్టే చేతికి బలాన్ని, కట్టిన గోడ నిలిచేందుకు కృపను ఇచ్చే దేవునికి ముందుగా స్తోత్రం. ముప్పై ఏళ్లలో నేను కట్టించినవి, బాగు చేయించినవి ఇంకా నిలబడి ఉన్నాయంటే అది నా లెక్కల గొప్పతనం కాదు. ఆ మాట ఒప్పుకున్నాకే ఈ సంగతి చెబుతున్నాను.

కరోనా తగ్గిన తరువాతి వేసవి చివర, విజయనగరంలో లైసెన్సు ఉన్న బిల్డింగ్ ఇంజినీరుగా నా ఆఖరి ఏళ్లలో, బొబ్బిలిలో ఒక నాలుగు పోర్షన్ల ఇంటి మరమ్మతు నా చేతికి వచ్చింది. ఒకే కప్పు కింద, ఒకే వరండా మీదకు తెరుచుకునే నాలుగు వాటాలు. దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన పాతకాలపు మిద్దె అది.

కొన్నావిడ నూకమ్మగారు. తీరం నుంచి చేపలు తెచ్చి ఇరవై ఊళ్ల సంతల్లో అమ్మిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి ఇక గంప ఎత్తకూడదని డాక్టరు చెప్పాక, ఉన్నదంతా పెట్టి ఈ ఇల్లు కొన్నారు. ఇకమీదట అద్దెలే ఆవిడకు కూడు. ఒకటో పోర్షనులో వీణలకు పనసచెక్క తొలిచే సూర్యారావు, రెండోదాంట్లో బస్సు కండక్టరు రాజు, మూడోదాంట్లో అంగన్‌వాడీ టీచరు లక్ష్మి కాపురాలున్నారు. నాలుగోది ఖాళీ.

ఇలాంటి ఇంటికి ముందు పగుళ్లు చూస్తాం. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి కొన్నాళ్లు ఆగుతాం. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. ఇక్కడ గాజు నిలిచింది గానీ దూలాలు పుచ్చాయి. ఒకటో పోర్షనువి మరీ అన్యాయం. వానలు ముదిరేలోగా కప్పు విప్పి, దూలాలు మార్చి, ఒక్కో వాటాకు విడిగా స్నానాలగది, విడిగా వైరింగు ఇవ్వాలి. ముగ్గురూ నెలన్నర ఖాళీ చేస్తే చాలని షెడ్యూలు వేసి, ఆ కాగితం వరండా స్తంభానికి అతికించాను.

సాయంత్రానికల్లా దాని చుట్టూ అందరూ చేరారు. నేను రాసిన మొదటి తేదీ ఆషాఢం మూడో రోజున పడింది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. చర్చి సంఘంలో పెరిగిన నాకు ఆ నెల పేరు తెలుసు గానీ, నా క్యాలెండరులో దానికి గడి లేదు.

రోజులన్నీ దేవుడు చేసినవేననీ, వాటిలో మంచీ చెడూ లేవనీ సండే స్కూలు గొంతుతో వివరించాను. అందరూ మర్యాదగా విన్నారు. అంతా అయ్యాక సూర్యారావు చేతికంటిన చెక్కపొట్టు దులుపుకుని నెమ్మదిగా అడిగాడు.

“మరి ఆదివారం తాపీ ముడతారేటి మాస్టారూ?”

ముట్టను. ముప్పై ఏళ్లలో ఆదివారం నా సైటులో సిమెంటు కలిపింది లేదు. ఆ సంగతి నా మేస్త్రీ గవిరయ్య వాళ్లకు ముందే చెప్పి ఉన్నాడు. చెప్పి, ఇప్పుడు ఇసుక జల్లెడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

సూర్యారావు బెదిరించలేదు, ఉన్నమాట చెప్పాడు. కావాలంటే ఆషాఢం రాకముందే ముగ్గురమూ వెళ్లిపోతామనీ, వెళ్లినచోట పాలు పొంగించుకున్నాక మళ్లీ తిరిగి రావడం ఉండదనీ. అంటే నూకమ్మగారికి ఉన్న మూడు అద్దెలూ పోతాయి. శ్రావణం దాకా కొత్తవాళ్లు తొంగి చూడరు. ఆగుదామంటే వానలో ఒకటో పోర్షను కప్పు మనుషుల మీదే దిగుతుంది. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ, నాలుగో పోర్షను తలుపు వైపు చూసి అడిగారు.

“బయటికి ఎల్లకపోతే ఇల్లు మారినట్టు కాదు కదేటి? లోపల్లోపలే జరిగిపోతే?”

ఆవిడ చెప్పిన ఉపాయం ఇది. ఖాళీగా ఉన్న నాలుగోది ముందు బాగు చెయ్యాలి. మధ్యగోడకు కంత పెట్టి, మూడోవాళ్లను లోపలినుంచే నాలుగులోకి జరపాలి. ఖాళీ అయిన మూడు బాగయ్యాక రెండోవాళ్లను అందులోకి, రెండు బాగయ్యాక ఒకటోవాళ్లను రెండులోకి. మూడు గోడలు, మూడు కంతలు. సూర్యారావు పురోహితుడికి ఫోను చేశాడు. ఆయన అడిగింది ఒక్కటే: ఆ కంతలకు గడప ఉంటుందా? ఉండదని నన్ను ఫోనులో చెప్పమన్నారు. చెప్పాను. ఒక ఇంజినీరు మాటను ఒక పురోహితుడు అంత శ్రద్ధగా వినడం నాకు అదే మొదలు.

కంత పెట్టడం తేలిక కాదు. దూలాల బరువంతా ఆ మధ్యగోడల మీదే. రెండు దూలాల నడుమ చోటు చూసి, కింద ఇనుప జాకీలు బిగించి, పైవరస ఇటుకలు తీసి, ముందే పోసి నానబెట్టిన సిమెంటు లింటెలు, అంటే అడ్డపట్టీ, అందులోకి దూర్చాలి. కిందిగోడ ఆ తరువాతే తియ్యాలి. వెడల్పు రెండున్నర అడుగులు చాలన్నాను. లక్ష్మి పిల్లలతో సహా దర్జాగా నాలుగులోకి జరిగింది. జరిగిన పూట కొత్త వంటగదిలో పాలు పొంగాయి. అది టీ కోసమేనని నేను అడగకుండానే చెప్పింది.

చిక్కు రాజు బీరువా దగ్గర వచ్చింది. కంతలో పట్టలేదు. మనుషుల కొలత వేశాను గానీ బీరువా కొలత వెయ్యలేదు. వరండా మీదుగా తెద్దామంటే అది గుమ్మం దాటాలి. గవిరయ్య బీరువాకు ఆషాఢం లేదన్నాడు. రాజు భార్య వెంటనే అందుకుంది.

“అందులో మా పెళ్లి సీర ఉన్నాది. పసుపుకుంకాలున్నాయి. లేదంటావేటి?”

గంటసేపు వాదన అయ్యాక ఒప్పందం కుదిరింది. చీర, పసుపుకుంకాలు, బట్టలు అన్నీ చేతుల మీద కంతలోంచి వెళ్లాయి. ఒట్టి ఇనుప పెట్టె మాత్రం దుప్పటి కప్పుకుని వరండా మీదుగా, ఎవరూ చూడనట్టు ముఖాలు తిప్పుకుంటుండగా, నలుగురి భుజాల మీద వెళ్లింది. నూకమ్మగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇల్లు కొన్నాక ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

మూడో కంత శనివారం సాయంత్రానికి పూర్తయింది. పడమట మబ్బు పట్టి ఉంది. సూర్యారావు ఒకటి ఖాళీ చేస్తే సోమవారమే కప్పు విప్పాలి. కొత్త సిమెంటును ఆదివారమంతా తడుపుతూ ఉండాలి, లేకపోతే అతుకులు బీటలిస్తాయి. నా మనుషులను రమ్మనను. నేను ఆరాధనలో ఉంటాను. చీకటి పడేదాకా నేనే మగ్గుతో నీళ్లు పోసి గోడ తడుపుతూ ఉన్నాను. సూర్యారావు నా చేతిలోని మగ్గు తీసుకున్నాడు.

“మా ఆసాడం మీరు కాసినారు. మీ ఆదివారం మేం కాస్తాం. ఎల్లండి మాస్టారూ.”

సోమవారం వెళ్లి చూస్తే సిమెంటు తడిగానే ఉంది. గోడ మీద బొగ్గుతో గీతలు ఉన్నాయి. ఎవరు ఏ గంటకు తడిపారో ముగ్గురి ఇళ్లవాళ్లూ వంతులవారీగా గీసుకున్నారు. సూర్యారావు సామాను మధ్యాహ్నానికి రెండులోకి చేరింది. పెద్దవాన పడేనాటికి ఒకటో పోర్షను మీద కొత్త కప్పు ఉంది.

శ్రావణం వచ్చాక పాతచోట్లకు పోతారా అని అడిగాను. అక్కర్లేదన్నారు. కంతలు ఇటుకతో మూయించాను. ఒకటో పోర్షనులోకి కొత్త కాపురం ముందు గుమ్మం దాటే వచ్చి, ఎవరికీ టీ పేరు చెప్పకుండా పాలు పొంగించుకుంది. నూకమ్మగారికి ఉన్న మూడు అద్దెలూ నిలిచి, నాలుగోదీ మొదలైంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నా షెడ్యూలులో మొదటి గడి మారింది. ఇంట్లో ఎవరున్నారు, ఏ రోజుల్లో కదలరు, వాళ్ల పెద్ద సామాను వెడల్పెంత అన్నవి అందులోకి వచ్చాయి. రెండో గడి నా ఆదివారాలు. దూలాలు, సిమెంటు మూడో గడిలోకి వెళ్లాయి.

చదివినవారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతోపాటు ప్రార్థించండి: ప్రభువా, నూకమ్మగారి మోకాళ్లను బలపరచు. ఆ కప్పు కింద ఉన్నవారందరినీ వానలో కాపాడు. ఎదుటివారి రోజులను తేలిక చేసి మాట్లాడని నోరు మాకు దయచెయ్యి. ఆమేన్.