కొలువు మెట్ల కింద ధమ్తరీ బండి

పేరంటానికి పిలిచిన ముత్తైదువులను గుమ్మం బయటే నిలబెట్టి, పెళ్ళాం పట్టుచీరను రైలింజనుకు మేతగా వేసి, ఆమె పుట్టింటి బొమ్మలకు భూకంపం తెప్పించిన మగవాడు రాయపూర్ తెలుగువాళ్ళలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైల్వే కుటుంబం. మా నాన్న రాయపూర్-ధమ్తరీ చిన్న లైను మీద, తెలీబంధా వైపు, గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ బండి ఎంత నిదానమంటే, ముందు పెట్టెలోంచి దిగి టీ తాగి, తీరిగ్గా డబ్బులిచ్చి, వెనక పెట్టె ఎక్కేయొచ్చు. తర్వాత ఊళ్ళో ఆ పట్టాలు ఎత్తేసి రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద ఆటోలో వెళ్తున్నా సరే, గేటు ఉండిన చోటు రాగానే నాన్న తల బయట పెట్టి అటూ ఇటూ చూసేవారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంట్లోనే ఒక బుల్లి ధమ్తరీ లైను వేసి ఆయనకు చూపించాలని అప్పుడే పుట్టింది బుద్ధి.

సరిగ్గా అదే ఏడు మా ఆవిడ పద్మకు ఇంకో కోరిక తీరబోతోంది. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆమెకు ఇచ్చి వెళ్ళిన మట్టిబొమ్మలు పెట్టెలో గడ్డి మధ్య ఏళ్ళ తరబడి పడుకుని ఉన్నాయి. ఇదివరకు ఉన్న నాన్న రైల్వే క్వార్టర్లో బొమ్మల కొలువు పెట్టే చోటు లేదు. ఇప్పుడు ఫ్లాట్ కొనుక్కున్నాం, హాలుంది. దసరాకు మొదటి కొలువు. తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటికీ పిలుపులు వెళ్ళాయి.

నేనేమో అదే హాల్లో సుద్దముక్క పట్టుకుని నేల మీద పాకుతున్నాను. భన్‌పురిలో నేను పనిచేసే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పక్కన ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. అక్కడ సన్నటి రేకు పట్టాలు చేయించాను. పాత బొమ్మకారు మోటారు పీకి, బ్యాటరీలు పెట్టి ఇంజను తయారుచేశాను. స్విచ్చి దాని పొట్ట కింద పెట్టాను. ఎందుకక్కడ పెట్టావని మీరు అడగరు, ఎందుకంటే మీకింకా కథ తెలియదు.

ఇక ప్లాను. చిన్న బండి అయినా మలుపు తిరగడానికి దానికి కావలసినంత చోటు కావాలి. సోఫా వెనక గీస్తే గోడ అడ్డం వచ్చింది. ఫ్రిజ్ పక్కన తిప్పితే ఇంజను పక్కకు ఒరిగి పడింది. గీసి, చెరిపి, గీసి, చెరిపి, చివరికి ఒకే ఒక్క దారి మిగిలింది. గుమ్మం ముందు నుంచి వెళ్ళి, కొలువు మెట్ల కింద దూరి, అటు వైపు తేలాలి.

"ఏమండీ, పండగ తొమ్మిది రోజులూ హాలు నాది. మీ బండి దసరా వెళ్ళాక" అంది పద్మ.

"కొలువు కింద నుంచి రైలు వెళ్తుంటే ఎంత శోభగా ఉంటుందో ఆలోచించు."

"కొలువుకి దేవుళ్ళున్నారు, చాలు. ఇంజను అక్కర్లేదు."

నాన్న వచ్చి గీతలు చూశారు. "ఏట్రా ఇది? ధమ్తరీ లైన్లో సొరంగం ఏటి? నౌకరీ అంతా ఆ లైను మీదే సేశాను, నేనెప్పుడూ సూళ్ళేదే!"

"చోటు లేక నాన్నా."

"సొరంగం సంగతి సరే. గుమ్మం కాడ ఫాటక్ ఏదిరా? జనం పట్టాలు తొక్కేస్తే?"

అంతే, ఆయనలో గేట్‌మన్ లేచి కూర్చున్నాడు. కర్రకు ఎర్రరంగు, తెల్లరంగు వేసి, గుమ్మానికి అడ్డంగా లేచి దిగే గేటు ఆయనే కట్టారు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి పద్మ మెత్తబడింది. "సరే, కానీ హారతి అయ్యాకే నడపాలి. మా అమ్మ బొమ్మ ఒక్కటి కదిలిందంటే మాత్రం..." అని ఆపేసింది. ఆపేసిన మాటను నేను అనుమతి కింద రాసుకున్నాను.

పేరంటం రోజు సాయంత్రం బయట మేడమెట్ల మీద గాజుల చప్పుడు వినిపించగానే నా చేతులు ఊరుకోలేదు. అతిథులకు రైలు ఎదురెళ్తే ఎంత గొప్పగా ఉంటుంది! స్విచ్చి నొక్కి పట్టాల మీద వదిలాను. నాన్న వెంటనే గేటు దించి, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు. బండి గుమ్మం ముందు నుంచి ఠీవిగా సాగి కొలువు మెట్ల కింద దూరింది.

దూరింది కానీ, అటు తేలలేదు.

బయట ఆడవాళ్ళందరూ గేటు దగ్గర ఆగిపోయారు. మామూలు మనుషులైతే నడుం వంచి కిందనుంచి వచ్చేసేవారు. వీళ్ళంతా డ్రైవర్ల భార్యలు, గార్డుల కూతుళ్ళు. వేసిన గేటు దాటడం వాళ్ళ ఒంట్లో లేదు. అందరికంటే ముందున్న సావిత్రమ్మగారు, రిటైరైన డ్రైవరుగారి భార్య, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ఎంతో ఓపికగా అడిగారు.

"బాబుగారూ, బండి లేటా?"

"సెక్షన్లో ఉందమ్మా, ఇంకా దాటలేదు" అన్నారు నాన్న.

"అయితే వెళ్ళనీండి. తొందరేముంది, ఆగుతాం."

నేను నేల మీద బోర్లా పడి మెట్ల కింద తొంగిచూశాను. లోపల చీకట్లో ఇంజను గుర్రుమంటోంది. సొరంగం ఎత్తు నేను ఉత్త చెక్కలకు కొలిచాను. ఆ తర్వాత వాటి మీద పద్మ తన పెళ్ళి పట్టుచీర పరిచింది. వెనక వేలాడిన ఆ కొంగు చక్రాల్లో పడి, ఇంజను దాన్ని చుట్టలు చుట్టుకుంటోంది.

"పద్మా, మీ కొలువు నడుస్తోందే!" అని అరిచారు సావిత్రమ్మగారు.

నిజంగానే నడుస్తోంది. చీరతోపాటు పై మెట్టు మీది రాముడు, సీత, లక్ష్మణుడు వెనక అంచు వైపు మెల్లగా వనవాసం బయల్దేరారు. పద్మ పరుగున వెళ్ళి సీతను ఒక చేత్తో, రాముణ్ణి ఒక చేత్తో పట్టుకుంది. కింది మెట్టు మీద పెళ్ళిబృందం బొమ్మలు ఊగుతున్నాయి. ఆమెకు మూడో చెయ్యి లేదు.

"ఆపండీ!"

"స్విచ్చి దాని పొట్ట కిందుంది!"

"మావయ్యగారూ, గేటు తీయండి, వాళ్ళని రానివ్వండి!"

"బండి ఎల్లకుండా గేటెలా తీస్తానమ్మా? నౌకరీ పోతాది!"

"నిజమే కదా" అన్నారు బయటనుంచి ఎవరో, సానుభూతిగా.

పద్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నేను చూశాను. వాళ్ళమ్మ చేతులు తాకిన బొమ్మలు అవి, మళ్ళీ దొరికేవి కావు. నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పుడు ఆమె గొంతు మారింది. అంత పెద్ద గొంతు ఆమెకుందని అంతవరకు నాకు తెలియదు.

"మావయ్యగారూ! ఈ ఇంటికి కంట్రోల్ ఆఫీసు నేనే. ధమ్తరీ లైను ఇప్పటినుంచి బంద్. గేటు ఎత్తండి!"

నాన్న ఠక్కున అటెన్షన్‌లో నిలబడ్డారు. "కంట్రోల్ ఆర్డరొచ్చిందర్రా" అని గేటు ఎత్తేశారు. ముత్తైదువులు వరదలా వచ్చి తలా ఒక బొమ్మను పట్టుకున్నారు. ఒక్కటీ పడలేదు, ఒక్కటీ మెట్టు దిగలేదు. నేను భుజం దాకా చెయ్యి దూర్చి ఇంజనును లాగాను. దానితోపాటు జరీ అంచు కూడా ఒక జానెడు ఊడి వచ్చింది.

రాయపూర్లో ఆ లైను తీసి రోడ్డు వేయడానికి ఎంత కాలం పట్టిందో ఊరందరికీ తెలుసు. మా హాల్లో పద్మ పట్టాలు పీకి తివాచీ పరచడానికి టీ మరిగేంత సేపు కూడా పట్టలేదు. హారతి ఇచ్చారు, పాటలు పాడారు, శనగలు పంచారు. పద్మ అందరికీ నవ్వుతూ తాంబూలాలిచ్చి, నా దగ్గరకొచ్చేసరికి మొహం తిప్పుకుంది. పళ్ళెంలో శనగలు మాత్రం వేసింది.

మర్నాడు పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. మొదటి ఫోను ఊళ్ళోనే టాటీబంధ్‌లో ఉండే ఒకావిడ నుంచి. పద్మ విని, ఫోను నా చేతికిచ్చింది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో సీతారాములు వాళ్ళంతట వాళ్ళే నడిచారట కదా! దర్శనానికి పిల్లల్ని తీసుకుని ఎప్పుడు రమ్మంటారు?"

పద్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదుట నిలబడింది. నేను గొంతు సవరించుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఫోన్లోకి ప్రమాణం చేశాను. "అమ్మా, సాంకేతిక కారణాల వల్ల ఆ దర్శనం శాశ్వతంగా రద్దయింది. ఇకమీదట నా జన్మలో, పట్టుచీర గానీ నేతచీర గానీ, ఏ చీర కిందా ఏ గేజి బండీ నడపనని కంట్రోల్ ఆఫీసు ఎదుట ప్రమాణం చేస్తున్నాను. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

పద్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు లైన్ క్లియరయింది.