మర్ఫా తాత అడిగిన కాగితం

నా చిన్నప్పుడు శామీర్‌పేటలో మా పక్కింటి ముసలాయనను అందరూ మర్ఫా తాత అనేవాళ్లు. ఆయన పూర్వీకులు నిజాం కొలువు కోసం అరబ్ దేశం నుంచి వచ్చినవాళ్లు. ఆయన మాత్రం ఇక్కడే పుట్టాడు. మర్ఫా అంటే వాళ్ల డప్పుల మేళం. అది లేనిదే మా వాడలో ఏ పెళ్లి బరాతూ కదిలేది కాదు.

ఒక ఏడు ఓటరు జాబితా సరిచూడటానికి గుమాస్తా వచ్చాడు. చంకలో రిజిస్టరు, మొహం నిండా ప్రభుత్వం. తాత పేరు దగ్గర పెన్ను ఆపాడు. హైదరాబాదు భారతదేశంలో కలిసినప్పుడు అరబ్బులను ఓడలెక్కించి పంపారనీ, ఈయన ఎలా మిగిలాడో కాగితం చూపాలనీ అన్నాడు. తాత దగ్గర అలాంటిదేమీ లేదు. "అయితే నువ్వు పరదేశోనివే" అని పేరు కొట్టేశాడు. అరవై దాటిన మనిషిని ఒక్క గీతతో దేశం దాటించాడు.

ఆ పూట తాత అన్నం ముట్టలేదు. "ఎల్లగొడితే యాడికి పోవాలె బేటా? నాకు గా అరబ్బు భాష గూడ రాదు" అన్నాడు నాతో.

నెల తిరగకుండానే అదే గుమాస్తా తన కొడుకు బరాతుకు మర్ఫా మాట్లాడటానికి వచ్చాడు. సిగ్గు అనేది ఆ రిజిస్టరులో ఏ పేజీలోనూ లేదు మరి. తాత మర్యాదగా కుర్చీ వేశాడు.

"కాగితం తెచ్చినవా సార్?"

"ఏం కాగితం?"

"మీ తాతది. గీ దేశపోడే అని. పరదేశోళ్ల పెండ్లిల మేం కొట్టం."

"మజాక్ జేస్తున్నవా? నిజాం రాజ్యంల గసొంటి కాగితాలు ఎవలకున్నయి?"

"మా నాయినకు గూడ లేకుండె సార్. ఇద్దరు ఒక్క రాజు కిందోళ్లే. రాజ్యం మారిన దినం మీ తాత ఆయనింట్ల నిద్ర లేసిండు, మా నాయిన మా ఇంట్ల లేసిండు. ఆయన ఎట్ల ఇండియావోడయిండో, ఈయన గట్లనే అయిండు."

అరుగు మీది ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మర్నాడే గుమాస్తా ఫారం తెచ్చి తాత పేరు మళ్లీ రాశాడు. ఈసారి తాత కుర్చీ వేయలేదు, గుమాస్తా నిలబడే నింపాడు. న్యాయం తెలిసివచ్చి కాదు, మేళం లేకుంటే వియ్యంకుల ముందు పరువు పోతుందని. బరాతులో తాత కొట్టాడు. బాగానే కొట్టాడు.

తర్వాత గ్రంథాలయంలో రాజ్యాంగం తెరిచి ఐదో అధికరణం నా అంతట నేనే చదువుకున్నాను. అది అమలైన నాడు ఇక్కడ స్థిరపడి ఉండి, ఈ నేల మీద పుట్టినవాడు పౌరుడు. గుమాస్తా ఉద్యోగమంతా చేసి ఆ పేజీ తిప్పలేదు. ఇప్పటికీ ఫలానావాడు ఇక్కడివాడు కాదని ఎవరైనా గొంతు పెంచితే, ముందు వాళ్ల తాత కాగితం తెమ్మంటాను.

ఇంతవరకు ఒక్కడూ తేలేదు.