పట్టాల మీద మనుషులు

2020 ఏప్రిల్‌లో, పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యనున్న ఒక చిన్న స్టేషనులో నేను స్టేషన్ మాస్టరుగా పనిచేస్తున్నాను. పదవీ విరమణకు ఇంకా పది నెలలుంది. లాక్‌డౌన్‌తో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. గూడ్సు బండ్లు మాత్రం ఖాళీ లైను మీద మామూలుకన్నా జోరుగా తిరిగేవి.

ఒక మధ్యాహ్నం, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రామాంజనేయులు ఒకామెను ప్లాట్‌ఫారం నీడలో కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. పేరు మరియమ్మ, ఊరు తాడిమర్రి. బెంగళూరులో కట్టడాల పని ఆగిపోయి, నడిచి ఊరికి పోతోంది. అరికాళ్లు బొబ్బలెక్కి చితికిపోయాయి. రోడ్డు వదిలి పట్టాల వెంట ఎందుకొచ్చారని అడిగాను.

"రోడ్డు మీద పోతే పోలీసోళ్లు కొడ్తాండారు సార్. పట్టాలైతే ధర్మవరానికి పోతాయని అందరికీ తెలుసు" అంది. నీళ్లు తాగి మళ్లీ తనే చెప్పింది. "మా ఆయన, మా అత్త ముందర పోతాండారు. అత్తకు చెవుడు సార్. బండొచ్చేది ఇనపడదు."

హిందూపురం వైపు నుంచి ఒక గూడ్సు అప్పటికే బయలుదేరింది. లైను మీద అపాయముంటే స్టేషన్ మాస్టరు బండిని ఆపి లోకో పైలట్‌కు కాషన్ ఆర్డర్ ఇవ్వాలి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత నెమ్మదిగా పోవాలో రాసిన కాగితం అది. ముందు కంట్రోలుకు, అంటే బండ్ల రాకపోకలు నడిపించే కార్యాలయానికి, ఫోను చేశాను. పట్టా విరిగిందా అని అడిగారు. లేదు, మనుషులున్నారన్నాను. వాళ్లు అక్రమంగా ప్రవేశించినవాళ్లు, పోలీసులకు చెప్పండి, బండి ఆపొద్దన్నారు. పోలీసులు చేరేలోపు బండే వాళ్లను చేరుతుంది. అది తెలియడానికి పెద్ద హోదా అక్కరలేదు.

సిగ్నలు ఎర్రగానే ఉంచాను. బండి ఆగింది. కాషన్ ఆర్డర్‌లో కారణం దగ్గర "పట్టాల మీద మనుషులు" అని రాశాను. లోకో పైలట్ చదివి సంతకం పెట్టాడు.

ధర్మవరం చేరాక ఆయనే ఫోను చేశాడు. వంతెన మీద ఒక ముసలామె అటు తిరిగి నడుస్తోందట. ఎంత హారన్ కొట్టినా వెనక్కి చూడలేదట. ముందు పోతున్న కొడుకు పరుగెత్తుకొచ్చి ఆమెను వంతెన దాటించేదాకా బండి నిలబెట్టాడట. "మామూలు స్పీడులో వచ్చింటే ఆపలేకపోతాంటి సార్" అన్నాడు. అత్త క్షేమమని నేను చెప్పగానే మరియమ్మ లేచి నడవబోయింది. రామాంజనేయులు ఆమెను తన మోటారు సైకిలు మీద తీసుకుపోయి వాళ్లతో కలిపి వచ్చాడు.

వారానికి మెమో వచ్చింది, బండి ఆలస్యానికి సంజాయిషీ ఇమ్మని. కారణాన్ని సిగ్నలు లోపమని మార్చి రాస్తే ఫైలు మూసేస్తామని ఒక అధికారి ఫోనులో చెప్పాడు. బాగున్న సిగ్నలుకు లోపం అంటగట్టవచ్చు, ఇంటికి నడిచిపోయే మనుషులను మాత్రం కాగితం మీద చూపకూడదు! నేను మార్చలేదు. మందలింపు నా సర్వీసు రిజిస్టరులో చేరింది. మరుసటి నెల మరో రాష్ట్రంలో, పట్టాల మీద నిద్రపోయిన కూలీల మీదుగా గూడ్సు పోయింది. పట్టాల మీద ఎవరైనా పడుకుంటారా అని చాలామంది అడిగారు. వాళ్లను అక్కడికి తరిమిందెవరని అడిగినవాళ్లు తక్కువ.

అంత సర్వీసులోనూ నేర్వనిది ఆ రెండు నెలల్లో నేర్చుకున్నాను. విరిగిన పట్టాకు మా రిజిస్టర్లలో ఒక గడి ఉంది, బండి ఆలస్యానికి ఒక గడి ఉంది. నడిచే మనిషికి లేదు. గడి లేకపోతే అంచున అయినా రాయాలి. రాయకపోతే, చచ్చినవాళ్లే తప్పు చేసినవాళ్లవుతారు.