కర్నూల్లో ఇంగ్లీషు వాన

ఆ రోజుల్లో కర్నూల్లో వాన చూడాలంటే ఇంగ్లీషు పుస్తకం తెరవాల్సిందే, ఆకాశంలో దొరికేది కాదు. కర్నూలు అప్పుడే కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు చెమటలో, నేను ఫిఫ్తు ఫారంలో (ఇప్పటి లెక్కలో పదో తరగతి) ఉన్నాం. చుట్టుపట్ల పల్లెల్లో కరువు గంజి కేంద్రాలు నడుస్తున్నాయి. సరిగ్గా ఆ ఏడే మా పాఠ్యపుస్తకంలో ఒక పద్యం వచ్చి కూర్చుంది. అందులో ఒక దొర కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, బయట ఆగకుండా వాన కురుస్తోందని చరణం చరణానికీ ఏడుస్తాడు. (ఆ కుర్చీలో మమ్మల్ని కూర్చోబెట్టి ఉంటే ఈలలు వేసి ఉండేవాళ్ళం.)

పాఠం చెప్పే అయ్యవారు రాజధానితో పాటు కోస్తా నుంచి వచ్చినవాడు. మేము పెట్టిన పేరు థీమ్ సారు. కథ అయినా, పద్యమైనా చివర కళ్ళజోడు తీసి తుడుస్తూ, "ఇంతకీ దీని థీమ్ ఏమిటోయ్?" అనేవాడు. ఒకే వాక్యంలో చెప్పాలి, లేచి నిలబడి చెప్పాలి. ఒకసారి తోటలో ఆపిల్ పండు దొంగిలించిన పిల్లవాడి కథ అయింది. సారు "మనస్సాక్షి" అనే మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నా బెంచీ మిత్రుడు కొర్రన్నం (ఇంటి నుంచి రోజూ అదే తెచ్చేవాడు గనక ఆ పేరు) లేచి, "ఆకలి సార్" అన్నాడు. సారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

వాన పద్యం నాడు సారు గొంతు వణికింది. "వాన దుఃఖానికి చిహ్నం. ఇదీ థీమ్!" అని పుస్తకం గుండెకు హత్తుకున్నాడు. తరగతి మొత్తం బరువెక్కింది. అలాంటి సమయాల్లో నా నాలుక నా మాట వినదు.

"సార్, ఈ దొరకు సేద్యం ల్యాదా?" అన్నాను.

"ఇది సేద్యం గురించి కాదోయ్, హృదయం గురించి!"

"అయితే హృదయంలో శెనక్కాయ యేసుకోల్యాడు సార్, పాపం."

నన్ను బెంచీ ఎక్కించారు. అక్కడి నుంచి కిటికీ బాగా కనిపిస్తుంది. బయట మబ్బు పిసరంతైనా లేదు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్న కబురు వచ్చింది. థీమ్ సారుది తాత్కాలిక ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు మంచిమాట రాస్తే ఖాయం, లేకపోతే తిరుగు రైలు. ఆ సంగతి సారే నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. "మా ఆవిడా పిల్లలూ ఇంకా ఊళ్ళోనే ఉన్నారోయ్. ఖాయమైతే తెచ్చుకుంటాను. ఆ ఒక్కరోజు హాస్యమాడకు బాబూ." తర్వాత తరగతికి వచ్చి, ఇన్‌స్పెక్షన్ల కాలంలో ప్రతి బడిలోనూ నడిచే ఏర్పాటే చేశాడు. ప్రశ్న అడగ్గానే అందరూ చేయెత్తాలి. తెలిసినవాళ్ళు కుడిచేయి, తెలియనివాళ్ళు ఎడమచేయి. సారు కుడిచేతుల్నే లేపుతాడు. "నీకు తెలిసినా సరే, ఎడమే ఎత్తు" అని నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు కడప తట్టువాడు, తలపాగా, మీసం. సారు వాన పద్యాన్ని మునుపటికంటే ఎక్కువ వణుకుతో చదివి (ఈసారి వణుకు నిజమైనదే), థీమ్ అడిగాడు. చేతులన్నీ లేచాయి. సారు ఒక కుడిచేతిని లేపబోయేంతలో ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వి, "నేనూ పంతులు పని చేసినోణ్ణే గదప్పా! ఆ ఎడంచేయి ఎత్తినోడు లేయాల" అని నేరుగా నావైపు వేలు చూపించాడు.

లేచాను. "రెయిన్ ఈజ్ ది సింబల్ ఆఫ్ సారో సార్" అని అప్పజెప్పాను.

"ఏమప్పా, నీది ఏ పల్లె?"

"కల్లూరు పక్కన సార్. మా నాయన సేద్యం చేస్తాండాడు."

"సేద్యగాని కొడుకువై వాన దుఃఖమంటావా? ఎవురు చెప్పినారు నీకు?"

సారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. కొర్రన్నం నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. సారు ఊళ్ళో ఇంకా సామాను సర్దుకోని ఆ ఇల్లాలు ఎందుకో నా కళ్ళముందు నిలబడింది. ఎప్పుడూ ఇతరుల పరువు తీసే నా నాలుక ఆ పూట మాత్రం నాకు చెప్పకుండానే మంచిపని చేసింది.

"మా సారు చెప్పిందే సరి సార్. ఆ దొర ఇంట్లో గింజలుండాయి, అందుకే వాన వచ్చిందని ఏడుస్తాండాడు. మా ఇంట్లో గింజలు ల్యావు, వాన రాలేదని ఏడుస్తాండాము. యాడైనా ఏడుపు ఏడుపే గద సార్. థీమ్ సరిపాయె."

ఇన్‌స్పెక్టరు తలపాగా ఊగేలా నవ్వాడు. "శానా బాగ చెప్పినావు. అయ్యవారూ, పిల్లోళ్ళకు పద్యం చెప్తే కంఠస్థం చేస్తారనుకుంటి. ఈడ ఆలోచన చేస్తాండారే!" అన్నాడు. ఏం రాశాడో నాకు తెలియదు గానీ, దసరా సెలవుల తర్వాత సారు భార్యా పిల్లలతో, ఒక మడతమంచంతో దిగాడు.

నాకు మెచ్చుకోలేమీ దక్కలేదు. మరునాటి నుంచి మాత్రం సారు "థీమ్ ఏమిటి?" అని అడగడం మానేసి, "మీకేమనిపించింది?" అని మొదలుపెట్టాడు. కొర్రన్నం ప్రతి కథకూ "ఆకలి" అనే చెప్పేవాడు. సగం కథలకు అది సరిపోయేది కూడా. ఆ ఏడు ఆలస్యంగా తొలివాన పడ్డ పగలు, ఊరంతటికీ గొడుగు ఉన్న ఒకే ఒక్క మనిషి, మా సారు, ఆ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, నిలువునా తడిసి తరగతికి వచ్చాడు. మేమంతా లేచి చప్పట్లు కొట్టాం. (ఆఫీసు గుడారాల్లో తడుస్తున్న గుమాస్తాలకు మాత్రం దొర చెప్పినదే థీమ్.)

ఉద్యోగం ఇప్పుడు నన్ను సారు వాళ్ళ కోస్తాకే తోలింది. ఇక్కడ ముసురు పట్టిందంటే బట్టలారవు, అగ్గిపుల్ల వెలగదు, చెప్పులకు బూజు పడుతుంది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఆ దొరను తలుచుకుంటాను. పాపం, ఆయన చెప్పిందాంట్లోనూ కొంత నిజం ఉంది. అంత నిజమూ ఒప్పుకున్నాక కూడా, చినుకు చప్పుడు పెరిగితే చాలు, పెదవులు ఈలకు సిద్ధమవుతాయి. వంటింట్లోంచి మా ఆవిడ, "ఇంత ముసురులో ఆ ఈల ఏమిటండీ?" అంటుంది. థీమ్ అడుగుతున్నదనుకుని, అలవాటు కొద్దీ, ఎడమచేయి ఎత్తుతాను.