తొట్టెల చూడని పిల్లల కోసం నారాయణఖేడ్ పోయిన

ఊర్లు తిరిగి జబ్బుల లెక్క, చావుల లెక్క రాసేటోళ్లు మా దిక్కు పోదామనుకుంటే, ముప్పై ఏండ్ల కింద నేను చేసిన ఈ ప్రయాణం ముందుగాల చదువుండ్రి. నేను చదివింది నాలుగో తరగతే, తప్పులుంటే ఏమనుకోవద్దు. నాగల్‌గిద్ద అవతల మా ఊర్ల నేను మంత్రసానిని. సర్వే మేడమ్ వచ్చి రెండు రోజులు నన్ను వెంటేసుకొని ఇల్లిల్లూ తిరిగింది. పిల్లలెంతమంది పుట్టిండ్రు, ఎంతమంది పోయిండ్రు అని అడిగింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల్ల వేసి పేరు పెట్టకముందే పోయిన బిడ్డను మా దిక్కు లెక్కల పట్టరు, ఆ ముచ్చటే తియ్యరు. ఆడోళ్లందరూ అట్లనే చెప్పిండ్రు. ఆ పిల్లలను బొందపెట్టిన చేతులు నావే. అయినా నోరు మెదపలేదు. నా చెయ్యి మంచిది కాదంటరేమోనని భయం. పిల్లలు ఎక్కువ పోయే ఊరికే సర్కారు ముందుగాల నర్సును ఇస్తదట. పోయేటప్పుడు మేడమ్ సంబరంగా, "మీ ఊళ్లో పసిపిల్లలు బాగానే బతుకుతున్నారు, నర్సును ముందు వేరే ఊరికి ఇమ్మని రాస్తాను" అన్నది. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు.

మూడో రోజు పొద్దున, మేడమ్ ఉంటున్న నారాయణఖేడ్ దవాఖానకు పోదామని ఆరున్నర బస్సెక్కిన. టికెట్ మూడు రూపాయలు. కొంగుకు ముడేసుకున్న, మళ్ల విప్పి చూసుకున్న. పొయ్యి ఆర్పిన్నో లేదో అని ఒక దిగులు, మేడమ్ ఎల్లిపోతదేమో అని ఇంకో దిగులు.

"ఏందక్కా, మూడుసార్లు ముడి విప్పినవ్. టికెట్‌కు రెక్కలొస్తయా?" అన్నడు కండక్టర్.

"జర జల్దీ పోనియ్యి తమ్మీ."

"గీ గుంతలల్ల జల్దీ పోవాల్నంటే నువ్వే దిగి నూకాలె."

బస్సంత నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నరకు నారాయణఖేడ్ల దిగిన. బస్టాండు నుంచి దవాఖానకు పది నిమిషాల నడక. మేడమ్ పెట్టె సదురుతున్నది.

"అమ్మా, మా ఊరి లెక్క తప్పు. తొట్టెల్ల వెయ్యకముందు పోయినోళ్లను ఎవ్వరూ చెప్పలే. నేను సుత చెప్పలే."

"ఎంతమంది?"

వేళ్లు మడిచిన. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతిల ఒక్క వేలు మడిచి ఆగిన. ఆ ఒక్కటి నా కడుపున పుట్టింది.

మేడమ్ కుర్చీల కూలబడ్డది. "లెక్కల కాగితాలు నిన్ననే పంపేశాను. నర్సు వేరే ఊరికి ఖాయమైంది. నిన్న రాకపోయావా?"

"భయమైంది."

"తప్పు నాది కూడా. అడగాల్సినట్టు అడగలేదు. రిపోర్టు రాయడం ఇంకా ఉంది. మేం ఏమని అడిగామో, ఎవరు లెక్కకు రాలేదో దాచకుండా రాస్తాను." నా ముందరే రాసి, చదివి వినిపించింది.

ఆ రాత పట్టుకొనే రెండేండ్లకు మా ఊరికి నర్సమ్మ వచ్చింది. అప్పటిదాక ఇంకో ఇద్దరిని బొందపెట్టిన. ఇప్పటికీ తెల్లారంగనే మెలకువ వస్తది. ఆరున్నర బస్సు అంతకుముందు రోజు సుత ఉండె.

మీరు పోతే పొద్దటి బస్సుకు పోవద్దు, ఆడోళ్లు చేన్లకు పోయుంటరు. సాయంత్రం నాలుగింటి బస్సుకు పోండ్రి. పిల్లలెంతమంది అనకుండ, కాన్పులెన్ని అయినయ్ అని అడుగుండ్రి. అడిగి, జల్దీ లేవకుండ జరసేపు కూసోండ్రి.