మడమ నొప్పికి ఏ మిషన్ మంచిది?

కొన్నాళ్లుగా మడమ నొప్పి. పొద్దున మంచం దిగి కాలు మోపాలంటేనే భయం. ఈ రోజు భద్రాచలంలో ఫిజియోథెరపీకి వెళ్తే, అల్ట్రాసౌండ్ పెడదామా, షాక్‌వేవ్ పెడదామా ఆలోచించుకోమని డాక్టరమ్మ నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. అక్కడ మడమ నొప్పివాళ్లే ఇంకో ఇద్దరున్నారు. ఏది మంచిదని వాళ్లనడిగాను.

"షాక్‌వేవే పెట్టించుకో బిడ్డా. టకటకా కొడతది, నొప్పి పారిపోతది" అంది బూర్గంపాడు నుంచి వచ్చిన సుగుణమ్మ.

"గా దెబ్బలెందుకమ్మా? నాకు జెల్లు రాసి అల్ట్రాసౌండ్ పెట్టిన్రు. మొత్తం తగ్గింది" అన్నాడు పక్కనున్న రిటైర్డ్ కండక్టర్.

"తగ్గిందా? ఏదీ, మడమ నేలకేసి కొట్టు, చూద్దాం!"

ఆయన లేచి కొట్టాడు. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. ఆయన మళ్లీ కొట్టాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరుగుతున్నాయి, అయినా ఒక్కరూ "అబ్బా" అనరు. ఆ చప్పుడుకు డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి మడమలకు ఐస్ పెట్టింది.

తర్వాత నావైపు తిరిగి "మీకేది పెట్టమంటరు?" అంది.

"ఆ ఐసే చాలండి" అన్నాను.

మీలో ఎవరికి ఏ మిషన్‌తో తగ్గిందో చెప్పండి. దయచేసి కూర్చునే చెప్పండి.