సొట్ట పడింది బిందెకే

నేను జారిపడ్డప్పుడు మా అత్త ముందు బిందెను చూసింది. తర్వాత బండను చూసింది. నా వంతు మూడోది.

డెబ్బైల చివర్లో మాట. ఆళ్ళగడ్డలో మా ఇంటి పెరట్లో, స్నానాలు చేసేచోట కొత్తగా బేతంచెర్ల బండలు పరిపించారు. పెళ్ళయి ఏడాదైనా నిండని కోడలిని, నెత్తిన నిండు ఇత్తడి బిందెతో వెళ్ళి సబ్బునీళ్ళ మీద కాలు వేశాను. తల వెనకవైపు బండకు కొట్టుకుంది. కాసేపు నాకేమీ తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి అత్త బిందెను అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"సొట్ట పడింది చూడు," అంది.

నా తలకు సొట్ట పడలేదు. రక్తం రాలేదు. బొప్పి కూడా నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అక్కడే నా కొంప మునిగింది. చుక్క రక్తమైనా కారి ఉంటే పదిమందీ అయ్యో పాపం అనేవాళ్ళు.

అప్పటినుంచి నా తల నా మాట వినడం మానేసింది. చటుక్కున పక్కకు తిరిగితే, నేను ఆగాక కూడా ఇల్లు తిరుగుతూనే ఉండేది. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండక మళ్ళీ వేసేదాన్ని. జల్లెడ అనే మాట నోటికి రాక "ఆ బొక్కలది" అనేదాన్ని. నంద్యాలలో పుట్టింట్లో రెండు బిందెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ నడిచిన దాన్ని, ఒట్టి చేతులతో నడవడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

నీళ్ళు మోయని కోడలిని ఎవరు ఉంచుకుంటారు? కొళాయి దగ్గర ఆడవాళ్ళు తీర్పు చెప్పేశారు. "పని తప్పించుకునేకి నటిస్తాండాదక్కా. పుట్టింటికి తోలేయ్," అని అత్తకు నూరిపోశారు. మా ఆయన ఎవరేమన్నా తల ఊపే మనిషి. నేను ఆ ఇంట్లో ఉండాలా, పెట్టె సర్దుకోవాలా అన్నది అత్త చేతిలో పడింది. నాకు నిజంగా భయమేసింది.

అత్త అన్నీ చేసి చూసింది. దర్గాలో తాయెత్తు కట్టించింది. నిమ్మకాయ దిగదీసింది. తల తిరగడం తగ్గాలని అహోబిలం తీసుకుపోయి పదకొండు ప్రదక్షిణలు చేయమంది. తల తిరుగుతోందో అని మొత్తుకునే మనిషిని గుండ్రంగా తిప్పేవాళ్ళుంటారా? మూడో చుట్టులో ధ్వజస్తంభాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను. స్వామికి నవ్వొచ్చే ఉంటుంది.

చివరికి, "నటనో నిజమో తేలాల," అని నంద్యాలలో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన నన్ను పాదాలు రెండూ కలిపి నిలబడమన్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. వెళ్ళి కాంపౌండరు మీద పడ్డాను.

"లోపల మెదడు అదిరింది. పైకి కనపడదు. కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది," అన్నాడు డాక్టరు.

"కండ్లు మూసుకుంటే ఎవురైనా పడ్తారు సారూ," అంది అత్త. అది రుజువు చేయడానికి చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎగదోపి, పాదాలు కలిపి కళ్ళు మూసింది. రాయిలా నిలబడింది. ఎంతసేపు చూసినా పడదే! ఆమె మొహంలో కోపం కొంచెం కొంచెంగా దిగిపోవడం చూశాను.

"నేను పడల్యా కదమ్మే," అంది మెల్లగా. అత్త మెల్లగా కూడా మాట్లాడగలదని ఆ రోజే తెలిసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కొళాయి దగ్గరికి పోయింది. "నటన అన్నోళ్ళంతా ఈడికి రాండి. కాళ్ళు కలిపి కండ్లు మూసుకోండి," అంది. ఆమె నోటికి జడిసి ఏడుగురు మూసుకున్నారు.

"ఎవురన్నా పడినారా? ల్యా. నా కోడలు పడింది. ఇంగ నటన అంటే నాలుక కోస్తా."

వాళ్ళు కళ్ళు తెరిచేసరికి అత్త బిందె వరసలో అందరికన్నా ముందుంది.

ఆ రోజునుంచి నీళ్ళు ఆమే మోసింది. నన్ను తిట్టకుండా ఒక్క బిందె కూడా దించలేదు. ఉప్పు రెండుసార్లు పడిన పప్పు తిని, "సముద్రం యాడనో ఉందనుకుంటాంటి, మన ఇంట్లోనే ఉండాది," అనేది. తినడం మాత్రం మానలేదు.

మాటలు మెల్లగా తిరిగొచ్చాయి. చీకట్లో నిలబడడం మాత్రం రాలేదు. వెలుతురుంటే ఎలాగో నడిచేదాన్ని, చీకటైతే మళ్ళీ ఆ డాక్టరు గదే. ఎనభైలలో మా ఊళ్ళో కరెంటుకు నిలకడేది? దీపం ఆరడం ఆలస్యం, ఏ మూలనున్నా అత్త కేక వేసేది. "కదలొద్దు మే! ఆడనే కూర్చో!" నేను ఉన్నచోటే కూలబడేదాన్ని. ఆమె గొణుక్కుంటూ లాంతరు తెచ్చి, చెయ్యి పట్టుకుని లేపేది.

ఆమె పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. అత్త పీడ వదిలిందనుకుంటోందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పదకొండో రోజు సాయంత్రం వాళ్ళంతా బస్సెక్కి వెళ్ళిపోయాక, నేను వంటింట్లో సొట్ట బిందె తోముతుంటే కరెంటు పోయింది. కేక కోసం నిలబడే ఉన్నాను. ఒళ్ళు పక్కకు ఒరుగుతోంది. ఎంతకీ రాకపోయేసరికి నేనే గట్టిగా అన్నాను.

"కదలొద్దు మే! ఆడనే కూర్చో!"

కూర్చున్నాను. అన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.